బతికున్న కాళ్ళకు కట్టు

ఆ తల్లి మూఢనమ్మకమే కూతురి ప్రాణం తీసిందని మీకు క్లాసులో చెప్పారు. మీరంతా తలలు వంచి రాసుకున్నారు. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేనూ విన్నాను. అది జరిగినప్పుడు ఆ అంబులెన్సు బండిలో ఉన్నదాన్ని నేను. చెప్పినాయన ఆ రోజు ఎక్కడున్నాడో నాకు తెలియదు గానీ ఆ బండిలో మాత్రం లేడు.

నన్ను అక్కడికి పిలిచింది కథలు చెప్పమని కాదు. కటి ఎముకలు విరిగాయని అనుమానం వస్తే బెల్టు ఎలా వేయాలో, అంబులెన్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన మీకు చేసి చూపించమన్నారు. నడుం దగ్గర డిస్కు జారి, రిటైరయ్యే వయసు రాకముందే ఉద్యోగం మానుకున్నదాన్ని. మార్కాపురంలో మేడమీద గదిలో ఒక్కదాన్నే ఉంటాను. బస్సు ఖర్చులిస్తాం రండి మేడమ్ అంటే, ఆ రోజుకి మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు కదా అని వచ్చాను. నిజం చెప్పడానికి మొహమాటమెందుకు?

"తల్లి కట్టు విప్పేసింది. బెల్టు వదులైంది. అమ్మాయి దారిలోనే పోయింది. కాబట్టి బంధువుల్ని స్ట్రెచర్ దరిదాపులకు రానీయకండి," అని ఆయన ముగించాడు.

నేను లేచాను. "ఆ పిల్ల పోయిందని మీకెవరు చెప్పినారు?"

"అందరూ అట్లనే చెప్తారు మేడమ్. అయినా ఇది పాఠం కోసం చెప్పేది గదా."

"పాఠం కోసం మనిషిని చంపుతారా?"

మీలో కొందరు నవ్వారు. వెంటనే టీ బ్రేక్ అన్నారు. టీ దగ్గర మీలో ఒక్కరైనా వచ్చి, అసలేం జరిగింది మేడమ్ అని అడుగుతారేమోనని గ్లాసు చల్లారేదాకా నిలబడ్డాను. ఇద్దరమ్మాయిలు వచ్చి ఫోటో దిగుదామన్నారు. దిగాను. అడగని దానికి జవాబు చెప్పే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఈ ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఏ క్లాసులోనూ చెప్పరు. బండిలో ముందు ఒకరు, వెనక ఒకరు. నడిపేవాణ్ణి మనం పైలట్ అంటాం. వెనక ఉండేది మీరూ, పేషెంటూ. ఆ కాసేపట్లో వాళ్ళ అమ్మకు కూడా చెప్పనివి మీకు చెప్తారు. చేయి పట్టుకుంటారు, తిడతారు, మీ మీద వాంతి చేసుకుంటారు. ఆసుపత్రి తలుపు దగ్గర అప్పగిస్తారు మీరు. అంతే. తరువాత ఏమైందో మీకు తెలియదు. నేను బీఎస్సీ జువాలజీ చదివాను. ఏ ప్రాణికైనా పుట్టుక నుంచి చావు దాకా జీవిత చక్రం అని గుండ్రంగా బొమ్మ గీయించేవాళ్ళు. ఈ ఉద్యోగంలో ఒక్క బొమ్మ కూడా పూర్తిగా గీయలేదు. నా దగ్గర ఉన్నవన్నీ సగం కథలు. సగం కథలున్న మనిషి పక్కన ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు, చివర ఏమైందని అడుగుతారు, తెలియదంటే లేచిపోతారు.

అప్పట్లో మా బండి కంభంలో ఉండేది. మా పైలట్ మార్కాపురం సాయిబు. ఇంట్లో ఉర్దూ, బండిలో తెలుగు, గేరు పడకపోతే రెండూ. ఆయన నన్ను అక్కా అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు. "అక్కా, నీ నోటికి బ్రేకుల్లేవు, నా బండికున్నాయి. అందుకే మనం ఇంకా బతికినాం," అనేవాడు. ఏ పెళ్ళిలోనూ మొగుడూ పెళ్ళాం అన్ని మాటలు మాట్లాడుకుని ఉండరు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నది మాత్రం తక్కువ. ఆయన రోడ్డు చూడాలి, నేను పేషెంటును చూడాలి.

మిరపకాయల కోతల కాలం. పొద్దున్నే పిలుపు వచ్చింది. కంభం చెరువు దాటినాక మలుపులో కూలీల ఆటో బోల్తా పడిందని. మేము వెళ్ళేసరికి ఆటోను జనం ఎత్తి పక్కకు నిలబెట్టేశారు. టిఫిన్ క్యారియర్లు విచ్చుకుపోయి రోడ్డు మీద సంగటి, పప్పు. గీరుకుపోయిన మోచేతులతో ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. వాళ్ళ మధ్య నేల మీద ఒక పిల్ల. ఇరవై దాటి ఉంటాయేమో. మెడలో నల్లపూసలు లేవు, దారానికి చిన్న సిలువ ఉంది. ఆటో ఆమె తొడల మీద పడింది.

ఒకాయన ఆమె చంకల కింద చేతులు పెట్టి కూర్చోబెట్టబోతున్నాడు. ఇంకొకాయన చెంబు పట్టుకుని రెడీగా ఉన్నాడు.

"లేపొద్దు! ఆడ పండుకోనీ!" అని బండి దిగకముందే అరిచాను.

"నీళ్ళన్నా తాపనీ తల్లీ, నోరెండిపోయింది పిల్లకి."

"నువ్వు తాగు మామా, అరిచి అరిచి నీదే ఎండిపోయింది."

ఆయన నిజంగానే తాగాడు. మన వాళ్ళలో మంచితనానికి తక్కువ లేదు. దెబ్బ తగిలిన మనిషిని ఉన్న చోట ఉంచడమే రాదు.

ఆ పిల్లకు పైన ఎక్కడా పెద్ద గాయం లేదు. కొత్తవాళ్ళు మోసపోయేది ఇక్కడే. కటి ఎముకలంటే రెండు తుంటులనూ వెన్ను అడుగునూ కలిపి పట్టుకున్న గిన్నె. ఆ గిన్నె పగిలితే నెత్తురు బయటికి రాదు, లోపలే నిండుతుంది. ఆ పిల్ల పెదవులు తెల్లగా ఉన్నాయి, నుదుటి మీద చల్లటి చెమట. నాడి వేగంగా, దారంలా కొట్టుకుంటోంది. గజ్జల్లో, నడుం అడుగున నొప్పి అంటోంది. ఒక కాలు పక్కకు వాలిపోయి ఉంది. కొందరు అనుమానం తీర్చుకోవడానికి రెండు తుంటుల మీదా చేతులేసి నొక్కి చూస్తారు, కదులుతుందా అని. కదిలితే ఏం చేస్తావయ్యా? లోపల ఆగబోతున్న నెత్తురు మళ్ళీ మొదలవుతుంది, నీ అనుమానం మాత్రం తీరుతుంది. నొక్కకండి. అనుమానం చాలు, బెల్టు వేయండి.

బెల్టు ఎక్కడ వేయాలో ఆ రోజు క్లాసులో మీలో ముప్పావు వంతు తప్పు చూపించారు. అందరి చెయ్యీ చీర కట్టుకునే చోటుకే పోయింది. అక్కడ కాదు. నిలబడి చేతులు వేలాడదీస్తే మణికట్టు తగిలే చోట, తొడ ఎముక పక్కకు పొడుచుకొచ్చే చోట. నడుముకు బిగిస్తే పగిలిన గిన్నె ఇంకా విచ్చుకుంటుంది. కింద లంగా బొందు ముడి, కొంగున కట్టుకున్న చిల్లర, రొంటిన దోపుకున్న ఆకూవక్కా ఏదీ ఉండకూడదు.

లంగా బొందు కత్తిరించాలన్నాను. చుట్టూ మగవాళ్ళు. ఎవరికీ చెప్పనక్కరలేకుండా గట్టు మీది ఆడవాళ్ళు లేచి వచ్చారు. ఒకామెకు మోచేతి నుంచి నెత్తురు కారుతూనే ఉంది. కొంగులు విప్పి, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, మా చుట్టూ తెరలా నిలబడ్డారు. "యాడ చూస్తావురా నువ్వు? ఆ పక్కకు తిరుగు!" అని లోపలి నుంచి ఒక ముసలామె గొంతు. ఆ రంగు రంగుల గుడ్డల మధ్య, మిరప ఘాటులో, మోకాళ్ళ కింద నుంచి బెల్టు దూర్చి పైకి జరిపి బిగించాను. ఆ పిల్ల దీర్ఘంగా ఒక శ్వాస వదిలింది. ఆ శ్వాస మీరు ఒకసారి వింటే బెల్టు సరైన చోట పడిందని మీకే తెలుస్తుంది.

తరువాత మోకాళ్ళు, పాదాలు దగ్గరకు తెచ్చి, పాదాలు రెంటినీ కలిపి గుడ్డపట్టీతో కట్టాను. అలా కట్టకపోతే కాళ్ళు వాటి బరువుకవే బయటికి తిరుగుతాయి, తిరిగిన ప్రతిసారీ పైన ఎముకలు విచ్చుకుంటాయి. మాకు నేర్పింది అది. ఇప్పటికీ అది తప్పని నేననను.

ఆ పిల్ల తల కొంచెం ఎత్తి చూసుకుంది.

"అక్కా, కాళ్ళెందుకు కట్టినావు?"

"కదలకుండా."

"పోయినోళ్ళకు గదా కట్టేది." నా వైపు తల తిప్పింది. "నేను పోయినానా?"

"పోయినోళ్ళు నన్ను ఇన్ని ప్రశ్నలడగరు. నోరు మూసుకుని గాలి పీల్చు," అంటూ ఆక్సిజన్ పెట్టాను.

నవ్వబోయింది. కొంగులు పట్టుకున్నవాళ్ళలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒకామె ఆ పాదాల వైపు చూసి మొహం తిప్పుకుంది. ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా నాయన పోయినప్పుడు రెండు కాళ్ళ బొటనవేళ్ళూ కలిపి కట్టింది నేనే. ఇంట్లో మగపిల్లలు లేరు. మా అమ్మ పాత చీర అంచు చించి కట్టాను. హిందువులు, కిరస్తానీలు అని ఈ విషయంలో తేడా లేదు మా దిక్కున. మంచం మీద కాళ్ళు కలిపి కట్టి ఉన్నాయంటే ఆ ఇంట్లో ఏడుపు మొదలుపెట్టొచ్చని అర్థం. నాకెవరు కడతారన్న లెక్క నేను వేసుకోను.

దగ్గర్లో ఉన్న చిన్నాసుపత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్నది ఒక్కడే డాక్టరు, మా మేనల్లుడి వయసువాడు. మీ క్లాసులో చెప్పిన కథలో ఆ డాక్టరుతో నేను పోట్లాడానని కూడా చెప్పారు. నేను పోట్లాడని మనుషుల జాబితా చాలా చిన్నది, అందులో ఆయన పేరుంది. బెల్టు మీద చెయ్యి వేయలేదు. సెలైన్ ఎక్కించాడు, నెత్తురు ఆగడానికి ఇంజెక్షన్ చేశాడు. "ఈడ బ్లడ్ లేదు మేడమ్. ఒంగోలు పోండి. నిలపకుండా పోండి," అన్నాడు. ఆ ఆసుపత్రిలో ఆయనా ఒంటరివాడే.

స్ట్రెచరును వరండాలోంచి బండి వైపు తోస్తున్నాం. అప్పుడు ఎవరిదో బైకు వెనక నుంచి దిగి ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు లేవు. చేతులు మిరపకాయల రంగు. వేరే చేనులో ఉందట, కబురు అక్కడికి వెళ్ళింది. నా ఈడుదే. ఆమె కూతురి మొహం చూడలేదు. ముందు కనపడినవి కాళ్ళు. స్ట్రెచరు ఆమె వైపుకు కాళ్ళతోనే వస్తోంది.

నిలబడిపోయింది. తరువాత అరిచిన అరుపు నేను రాయలేను.

"బతికే ఉంది! అక్కా, బతికే ఉంది, మొహం చూడు!" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆమె పాదాల మీద పడింది. ముడి వేళ్ళకు రాకపోతే పళ్ళతో లాగింది. పట్టీ ఊడింది. కట్టిన కాళ్ళు రెండూ ఒక్కసారిగా చెరో పక్కకు వాలాయి. ఆ పిల్ల కేక పెట్టింది.

ఇది వినండి, ఎందుకంటే మీ పాఠంలో లేనిది ఇదే. ఆమె విప్పింది పాదాల కట్టు. బెల్టు మీద చెయ్యి వేయలేదు. అది అలాగే, వేసిన చోటే, వేసినంత బిగువుతో ఉంది. నా చేత్తో తడిమి చూసుకున్నాను.

నేను రెండు పాదాలూ అందుకుని మళ్ళీ కలిపి పట్టుకున్నాను. ఆమె నా చేతులు పట్టుకుంది.

"ఏందమ్మే ఇది? బతికున్న బిడ్డకు కాళ్ళు కడతారా? నీకు తెల్దా ఎవురికి కడతారో?"

"తెలుసు. కట్టకపోతే అట్లనే కట్టాల్సొస్తుంది."

ఆ మాట పడాల్సిన చోట పడింది. ఆమె చేతులు సడలాయి. వెనక నుంచి ఎవరో, "ఆమెను లాగేయండి, టైము పోతుంది," అన్నారు. ఇద్దరు మగవాళ్ళు ముందుకొచ్చారు కూడా.

లాగేయడం తేలిక. మీకు నేర్పింది అదే. కానీ ఆమె మొహం చూడండి ఒకసారి. ఆమె మూర్ఖురాలు కాదు. ఆమె కన్నా తక్కువ భయంలో ఉన్నవాళ్ళెవరూ అక్కడ తెలివిగా మాట్లాడటం లేదు, ఆమె ఒక్కతే సూటిగా మాట్లాడింది.

"పోయినేడు వాళ్ళ నాయనకు ఈ చేతుల్తోనే కట్టినా మేడమ్మా," అంది. 'అమ్మే' అన్న పిలుపు పోయి 'మేడమ్మా' వచ్చింది. "మళ్ళ దీనికి చూడలేను. కట్టొద్దు. నేను పట్టుకుంటా."

"ఒంగోలు దాకానా?"

"యాడిదాకైనా. నా చేతులు చాలవా?"

చాలవు. వాదన కోసం అడిగితే చాలవనే చెప్తాను. గుడ్డకు అలుపు రాదు, చేతికి వస్తుంది. తల్లి చేతుల్లో మహిమ ఉంటుందని చెప్పే రకాన్ని కాదు నేను, ఆ మాటలు పండగ కార్డుల మీద రాసుకోండి. కానీ అక్కడ నా ముందున్నవి రెండే దారులు. ఆమెను వరండాలో ఏడుస్తూ వదిలేసి, కూతురు వెనక అరుస్తూ పెనుగులాడుతుంటే కట్టు కట్టి తీసుకుపోవడం ఒకటి. పెనుగులాడితే పగిలిన ఎముకలు ఊరుకోవు. అప్పటికే ఆ పిల్ల, "మా... అమ్మా..." అంటూ లేవబోతోంది. రెండోది ఈమె చేతులు.

బంధువులు ముందు సీట్లో కూర్చోవాలి, అది రూలు. "ఎక్కు వెనక," అన్నాను.

మా పైలట్ నా వైపు చూశాడు. "అక్కా..."

"భాయ్, నువ్వు రోడ్డు చూడు."

"చూస్తానక్కా. నువ్వు మాత్రం ఆమెను తిట్టొద్దు," అని తలుపు వేశాడు.

బండి నేల మీద ఆమెను మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. ఎట్లా పట్టుకోవాలో చూపించాను. చీలమండలు రెండూ ఆనాలి. బొటనవేళ్ళు పైకి చూస్తూ, కొంచెం ఒకదాని వైపు ఒకటి తిరగాలి. గుంజొద్దు, ఒత్తొద్దు, వదలొద్దు. మోకాళ్ళ మధ్య దుప్పటి మడిచి పెట్టాను. ఆమె ఒక్కసారి విని తలూపింది. తరువాత నన్ను ఏమీ అడగలేదు.

ఆ దారి మీకు తెలుసు. మీరు బస్సుల్లో నిద్రపోతూ పోయే దారి. వెనక నిలబడి పోతే ప్రతి గుంతకూ ఒక పేరు పెట్టొచ్చు. ఊరు వస్తే స్పీడ్ బ్రేకరు, ఊరు పోతే స్పీడ్ బ్రేకరు, మధ్యలో గొర్రెల మంద. మా భాయ్ ప్రతి బ్రేకరు ముందూ, "వస్తాందక్కా!" అని కేకేసేవాడు. ఆ కేక వినపడగానే ఆమె తల వంచి కూతురి పాదాలను రొమ్ముకు ఆనించుకునేది. బండి ఎగిరినప్పుడు ఆమె ఒళ్ళు ఎగిరింది, పాదాలు ఎగరలేదు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. గొంతు మాత్రం పైకి రానివ్వలేదు. కూతురికి వినపడితే భయపడుతుందని అనుకుంటాను.

నా పని పిల్లను నిద్రపోనీయకపోవడం. బీపీ చూడటం, అది దిగుతూ ఉంటే సెలైన్ చూడటం, మాట్లాడించడం.

"ఏం చదివినావ్?"

"ఇంటరు."

"మానేసినావా?"

"నాయన పోయినాక."

"మళ్ళ చదువుతావా?"

"నువ్వు చదువుకున్నావా అక్కా?"

"బీఎస్సీ."

"మరి ఈ పనేంది?" అంది. చావు అంచున ఉన్న పిల్ల కూడా అడిగింది ఆ మాట.

"నాకు నోరెక్కువని ఇంకెవరూ ఇయ్యలేదు."

పాదాల దగ్గర నుంచి తల్లి నవ్విన చప్పుడు వినపడింది. ముక్కులోంచి వచ్చిన ఒక చిన్న చప్పుడు. ఆ బండిలో ఆ దారంతటికీ అదొక్కటే నవ్వు. అందులో నాకూ భాగముందని ఇప్పటికీ తలుచుకుంటాను. తలుచుకోవడానికి నా దగ్గర అంతకన్నా ఎక్కువ లేవు.

పొదిలి దాటినాక ఆమె చేతులు వణకడం చూశాను. మోచేతుల దాకా వణుకు. "నేను పట్టుకుంటా, కాసేపు చేతులు విదిలించుకో అక్కా," అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అన్నాను. అప్పుడు కళ్ళతోనే తన కొంగు చివర చూపించి, నోట్లో పెట్టమని సైగ చేసింది. పెట్టాను. అది పళ్ళతో కరిచి పట్టుకుంది. వణుకు ఆగలేదు గానీ, చేతులు కదలలేదు.

పిల్ల మాటలు తగ్గాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. చెంప తట్టాను. "అక్కా, కాళ్ళు కట్టినావా?" అంది మత్తుగా.

"లేదు. మీ అమ్మ పట్టుకుంది."

"ఊ," అంది. "గట్టిగా పట్టుకో మా."

ఒంగోలు చేరాం. అప్పటికి నాడి అందుతోంది, కళ్ళు తెరిచి ఉంది, పేరు అడిగితే చెప్పింది. బెల్టు వేసిన చోటే ఉంది. నేను అప్పగించింది ప్రాణమున్న మనిషిని. దారిలో పోయిందని చెప్పేవాళ్ళు ఇది రాసుకోవాలి.

మా స్ట్రెచరు మీద నుంచి వాళ్ళ స్ట్రెచరు మీదికి దుప్పటితో సహా ఎత్తి మార్చాం. ఆమె చేతులు పాదాలతో పాటే మారాయి. స్ట్రెచరు లోపలికి తోస్తుంటే ఆమె నడుం వంచుకుని, పక్కనే అడ్డంగా నడుస్తూ, పాదాలు వదలకుండా వెళ్ళింది. మిరప చేతులు, తెల్లటి పాదాలు. నేను తల వైపు నడుస్తూ డాక్టరమ్మకు చెప్తున్నాను. ఆటో మీద పడింది, బెల్టు ఉంది, తీయొద్దు, ఎక్స్‌రే బెల్టుతోనే తీయొచ్చు, బీపీ ఇంతుంది. చెప్పేటప్పుడు వినేవాళ్ళ మొహమే చూడాలి, లేకపోతే వినరు. లోపలి తలుపు దగ్గర ఎవరో అరిచారు, "అటెండర్లు బయటుండాల! బయట!" తలుపులు ఊగాయి. నేను తిరిగి చూసేసరికి స్ట్రెచరు లేదు. ఆమె కూడా లేదు. తలుపు బయట జనం, ఆ జనంలో ఎన్నో కొంగులు.

వెతకబోయాను. భాయ్ వచ్చాడు. "అక్కా, దారిలో ఇంకో కేసు పడింది. పిలుస్తున్నారు." బండి తుడవకముందే బయల్దేరాం. ఖాళీ బండి వెనక కూర్చుంటే, దుప్పటి మీద మిరప గింజలు. తుమ్ములు వచ్చాయి. కళ్ళ నీళ్ళు దానివే అనుకోండి.

సెలవు రోజున ఆ చేను దగ్గరికి పోయాను. వాళ్ళు వలస వచ్చిన కూలీలు, చేను గట్టున టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉండేవాళ్ళట. కోత అయిపోయింది, పట్టాలు లేవు. మూడు రాళ్ళ పొయ్యి, బూడిద. చంద్రశేఖరపురం వైపు వాళ్ళని ఎవరో అన్నారు. ఒక ఆదివారం అక్కడికీ పోయాను. చర్చీల దగ్గర ఆరాధన వదిలేదాకా నిలబడి అడిగాను, ఆటో కింద పడి తుంటి విరిగిన పిల్ల మీ పల్లెలో ఉందా అని. ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏ పిల్ల తల్లీ? ఆటోల్లోంచి పడిన పిల్లలు మాకు ఒకరా?" అన్నాడు. ఒంగోలులో అడిగితే, పేషెంటు వివరాలు బయటివాళ్ళకు చెప్పమన్నారు. నేను బయటిదాన్నే. తప్పు లేదు.

ఆ తరువాత నేను కట్టే తీరు మార్చుకున్నాను. పాదాల దగ్గర కాకుండా మోకాళ్ళ పైన వెడల్పాటి గుడ్డతో కట్టేదాన్ని, పైన దుప్పటి కప్పేదాన్ని. ముడి వేసే ముందే పక్కనున్నవాళ్ళతో చెప్పేదాన్ని, ఇది బతికున్నవాళ్ళకు కట్టే కట్టు, మీరు కూడా ఒక చెయ్యి వేయండి అని. వేసేవాళ్ళు. నేను ఉద్యోగం మానుకునేదాకా ఎవరూ విప్పలేదు. మీ క్లాసులో నేర్పాల్సింది ఏదైనా ఉంటే ఇది. దూరంగా ఉంచమని కాదు.

భాయ్ ఇప్పుడు గిద్దలూరులో స్కూలు బస్సు నడుపుతున్నాడు. మీ క్లాసు నుంచి ఇంటికొచ్చి ఫోన్ చేశాను. వెనక పిల్లల గోల.

"భాయ్, మిరపకాయల పిల్ల గుర్తుందా?"

"వాళ్ళమ్మ గుర్తుందక్కా. అద్దంలో నాకు ఆమె నడినెత్తి ఒక్కటే కనపడేది. దారంతా వంగే ఉండింది."

"ఆ తలుపు దగ్గర చూసినావా ఆమెను? లోపలికి పోయిందా, బయట ఆపినారా?"

"నేను బండి రివర్సు తీస్తా ఉంటినక్కా." పిల్లలెవరినో కూర్చోమని కసిరాడు. "ఏందక్కా, ఇన్నేండ్లయింది. ఆ పిల్ల బతికే ఉంటుందిలే."

"నేనడిగేది పిల్ల సంగతి కాదు."

"మరేంది?"

నేను చెప్పేలోపే స్కూలు బెల్లు మోగింది, ఆయన పెట్టేశాడు. మీకు చెప్తాను.

వదలొద్దు అని ఆమెకు చెప్పింది నేను. కట్టు విప్పిన ఆమె, ఆ ఒక్క మాట మాత్రం చివరిదాకా విన్నది. కొంగు కొరుక్కుని విన్నది. ఎప్పుడు వదలాలో చెప్పడానికి నేను అక్కడ లేను. ఆ తలుపు దగ్గర ఎవరో అరిచి ఆమె వేళ్ళు ఊడదీశారా, లేక లోపల ఎవరో మనిషి ఆమె భుజం మీద చెయ్యి వేసి, చాలమ్మా, ఇంక మేము పట్టుకున్నాం, నువ్వు వదులు అని చెప్పారా?